ఒకే గుట్ట మీద రెండు వలసలు

స్టూడియోలు, ఫిలిం ఛాంబర్, కల్చరల్ సెంటర్, సినీ ప్రముఖుల ఇళ్లు ఉన్న హైదరాబాద్ ఫిలింనగర్ గుట్ట మీదే దుర్గాభవానీనగర్, బీజేఆర్‌నగర్, జ్ఞానీ జైల్‌సింగ్‌నగర్ లాంటి బస్తీలూ ఉన్నాయి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి కిందికి దిగితే కృష్ణానగర్, యూసుఫ్‌గూడ. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, సెట్ వర్కర్లు, ప్రొడక్షన్ కుర్రాళ్లు, డ్రైవర్లు అక్కడి ఇరుకు గదుల్లో అద్దెకుంటారు. గుట్ట మీదివాళ్లకూ దిగువవాళ్లకూ ఇది సొంతూరు కాదు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి మద్రాసు మీదుగా వచ్చిన నిర్మాతలు, నటుల కుటుంబాలది ఒక వలస. పాలమూరు, మెదక్ పల్లెల నుంచి బండ కొట్టడానికీ ఇళ్లు కట్టడానికీ వచ్చిన కూలీలది, వారి తర్వాత అన్ని తెలుగు జిల్లాల నుంచీ సినిమాను నమ్ముకుని వచ్చిన కార్మికులది ఇంకో వలస. రెండూ ఇంచుమించు ఒకే కాలంలో, 1960ల నుంచి 1990ల దాకా సాగాయి. అర్ధశతాబ్దం గడిచాక చూస్తే మొదటి వలసలో నిలదొక్కుకున్నవారికి స్టూడియోలు, నిర్మాణ సంస్థలు, మూడో తరం వారసులు ఉన్నారు. రెండో వలసలో చాలామంది ఇప్పటికీ రోజువారీ బేటా (భత్యం) మీదే ఉన్నారు. ఈ తేడా ఎలా వచ్చిందని అడిగితే ఎప్పుడూ వినే జవాబొకటి ఉంది: వాళ్లు కష్టపడ్డారు, కూడబెట్టారు, పిల్లల్ని చదివించారు, వీళ్లకా క్రమశిక్షణ లేదు. చరిత్రను దగ్గరగా చూస్తే ఈ జవాబు నిలవదు. ఈ గుట్ట మీద కాలు పెట్టినప్పుడు ఎవరికి ఏం దొరికింది, ముఖ్యంగా ఎవరి పేరున భూమి నమోదైంది అన్నదే ఆ తర్వాతి యాభై ఏళ్లలో చాలాభాగాన్ని తేల్చిందన్నది నా వాదన.

మొదటి వలస చేతిలోని డబ్బు సినిమాతో పుట్టింది కాదు. 1852లో ధవళేశ్వరం దగ్గర గోదావరికి, 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్టలు కట్టాక డెల్టాలో వరి పండింది. వరి వెంట బియ్యం మిల్లులు, వడ్డీ వ్యాపారం, పట్నాల్లో చదువులు, ఆపైన సినిమా హాళ్లు వచ్చాయి. విజయవాడ గాంధీనగర్‌లో పంపిణీ సంస్థలు వెలిశాయి. పొలం మిగులు చిత్రనిర్మాణంలోకి ప్రవహించింది. గూడవల్లి రామబ్రహ్మం 1938లో 'మాలపిల్ల', 1939లో 'రైతుబిడ్డ' తీసింది చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ నెలకొల్పిన సారథి సంస్థ కింద. డి. రామానాయుడు కారంచేడు రైతుబిడ్డ, సినిమాల్లోకి రాకముందు బియ్యం మిల్లు నడిపారు. రాయలసీమ నుంచి కూడా పెట్టుబడి వచ్చింది. వాహినిని నిలబెట్టిన బి.ఎన్. రెడ్డి, విజయ సంస్థను నడిపిన నాగిరెడ్డి అన్నదమ్ములు కడప జిల్లావారు. ఈ సొమ్మంతా మొదట మద్రాసు కోడంబాకంలో స్టూడియోలుగా, ల్యాబులుగా మారింది. పరిశ్రమ హైదరాబాద్ రావాలనుకునేనాటికి ఈ కుటుంబాలకు పెట్టుబడి, అనుభవం, ప్రభుత్వంలో మాట చెల్లించుకోగల పరిచయాలు మూడూ ఉన్నాయి. ఆ వలస ఖాళీ చేతులతో జరిగింది కాదు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక తెలుగు సినిమా తెలుగు నేల మీదే తయారవ్వాలన్న కోరిక ప్రభుత్వ విధానమైంది. అమీర్‌పేటలో సారథి స్టూడియో లేచింది. అక్కినేని నాగేశ్వరరావు 1960లలోనే మకాం మార్చి, 22 ఎకరాల్లో కట్టిన అన్నపూర్ణ స్టూడియోను 1976లో ప్రారంభించారు. ఎన్.టి. రామారావు నాచారంలో రామకృష్ణ సినీ స్టూడియో, నటుడు కృష్ణ జూబ్లీహిల్స్ వైపు పద్మాలయ, రామానాయుడు ఫిలింనగర్‌లో తన స్టూడియో నెలకొల్పారు. రాష్ట్రంలో తీసిన సినిమాలకు రాయితీలు వచ్చాయి, చలనచిత్రాభివృద్ధి సంస్థ పుట్టింది, పరిశ్రమను రప్పించడానికి ప్రభుత్వం భూములు కేటాయించింది. మరోపక్క 1960ల తొలినాళ్లలో చల్లగళ్ల నరసింహారావు పూనికతో జూబ్లీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం ఏర్పడి, సుమారు 1400 ఎకరాల రాతి నేల దాని చేతికొచ్చింది. అప్పట్లో అక్కడికి రోడ్డు లేదు, నీళ్లు లేవు. ఆ బండల మీద ఇల్లెవరు కడతారన్నవాళ్లే ఎక్కువ. తర్వాత ఫిలింనగర్ సంఘమూ సినిమావాళ్ల కోసం అదే పద్ధతిలో వచ్చింది. ధర తక్కువగా ఉన్న రోజుల్లో సభ్యత్వం కట్టగలిగినవాడికి, సంఘం పెడుతున్నారన్న కబురు అందినవాడికి పట్టా దక్కింది. ఆ రెండూ ఎవరికి వీలయ్యాయో అప్పటి సభ్యుల పుట్టుపూర్వోత్తరాలే చెబుతాయి.

పట్టా చేతిలో ఉంటే ఏం జరుగుతుందో సినిమా లెక్కల్లో చూస్తేనే పూర్తిగా అర్థమవుతుంది. కేంద్రం సినిమాకు పరిశ్రమ హోదా ప్రకటించింది 1998లో. అంతకుముందు చిత్రాలకు అప్పివ్వడానికి బ్యాంకులు ముందుకొచ్చేవి కావు. ఫైనాన్షియర్ దగ్గర ఎక్కువ వడ్డీకి తెచ్చుకోవడమే దారి. అలాంటి వ్యాపారంలో తాకట్టు పెట్టడానికి స్థిరాస్తి ఉన్నవాడు ఒక ఫ్లాపు తర్వాత కూడా ఇంకో సినిమా మొదలుపెట్టగలడు. స్టూడియో ఉన్నవాడికి తన సినిమా ఆడినా ఆడకపోయినా ఎదుటివాడి సినిమా షూటింగ్ వల్ల ఫ్లోర్ అద్దె వస్తుంది. 1990లలో ప్రైవేటు టెలివిజన్ వచ్చాక ఆ అద్దెకు కొత్త గిరాకీ దొరికింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక సినిమాతో ప్రమేయం లేకుండానే చుట్టుపక్కల నేల ధర ఎగబాకింది. 2020లో దుర్గం చెరువు తీగల వంతెన జూబ్లీహిల్స్‌ను ఐటీ ప్రాంతంతో నేరుగా కలిపింది. ఈ పెరుగుదలలో యజమాని ప్రతిభకు వాటా తక్కువ. నగరం, ప్రభుత్వ ఖజానా, వేలాది ఉద్యోగులు కలిసి పెంచిన విలువ ఎవరి పేరున పట్టా ఉందో వారికి చేరింది.

రెండో వలస ఇదే గుట్టను ఇంకో దారిలో ఎక్కింది. దేశంలో ఎన్నో ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీలే ఇక్కడి బండలు పగలగొట్టి పునాదులు తీశారు. పని జరుగుతున్నచోటే గుడిసె వేసుకున్నారు. పని అయిపోయాక ఆ గుడిసెలే బస్తీలయ్యాయి. నేల ప్రభుత్వానిది, కాబట్టి వాళ్లు చట్టం దృష్టిలో ఆక్రమణదారులు. పట్టా కోసం దశాబ్దాల పాటు నాయకుల చుట్టూ తిరిగారు. ఖైరతాబాద్ ఎమ్మెల్యేగా, కార్మిక నాయకుడిగా పి. జనార్దనరెడ్డికి ఈ బస్తీల్లో ఉన్న ఆదరణకు మూలం ఆ పోరాటంలోనే ఉంది. 125 గజాల లోపు నివాసాలను ఉచితంగా క్రమబద్ధీకరించే 58వ నంబరు జీవో వచ్చింది 2014 డిసెంబర్‌లో. పక్కనే ఉన్న గృహనిర్మాణ సంఘానికి నేల చేరిన అర్ధశతాబ్దానికి! ఆ యాభై ఏళ్లలో ఒకవైపు ఆస్తి రెండు చేతులు మారి మూడో తరానికి వెళ్లింది, మరోవైపు ఇల్లు ఎప్పుడు కూలుస్తారోనన్న భయమే వారసత్వంగా మిగిలింది. కూలిపోవచ్చనుకునే ఇంటి మీద ఎవరూ డబ్బు పెట్టరు, దాన్ని చూపించి పిల్ల చదువుకు అప్పూ తేలేరు.

సినిమా కార్మికుల సంగతీ ఇంచుమించు ఇంతే. క్రాఫ్టు (పని విభాగం) యూనియన్ కార్డు ఉంటేనే పని, కార్డు కావాలంటే పెద్ద మొత్తం కట్టాలి. పని దొరికిన రోజు కాల్షీటు లెక్కన కూలి, దొరకని రోజు ఏమీ ఉండదు. 1981లో పార్లమెంటు సినీ కార్మికుల ఉపాధి నియంత్రణ చట్టాన్నీ సంక్షేమ నిధి చట్టాన్నీ చేసింది. వాటివల్ల వైద్య సాయం, పిల్లలకు ఉపకార వేతనాలు కొంతవరకు అందాయి, కాని నెత్తి మీద కప్పు రాలేదు. ఇళ్ల కోసం కార్మికులు తామే సంఘం కట్టుకున్నారు. తుంగతుర్తి ప్రాంతం నుంచి వైద్యుడై వచ్చి నటుడైన ఎం. ప్రభాకరరెడ్డి ఆ ఉద్యమానికి ముందు నిలిచారు. మణికొండ, ఖాజాగూడ వైపు 67 ఎకరాల్లో రూపుదిద్దుకున్న చిత్రపురి కాలనీకి ఆయన పేరే పెట్టారు. ఆయన 1997లో కన్నుమూశారు. ఫ్లాట్లు కార్మికుల చేతికి రావడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. ఈలోపు ఎందరో సభ్యులు వాయిదాలు కట్టలేక వెనకబడ్డారు, సినిమాతో సంబంధం లేనివారికి ఇళ్లు వెళ్లాయన్న ఆరోపణలు, విచారణలు నడిచాయి. నేల చౌకగా ఉన్నప్పుడు దొరకని ఇల్లు, అది ఖరీదైన రోజుల్లో అప్పుగా వచ్చింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే చిరంజీవి ఆధ్వర్యంలో కరోనా క్రైసిస్ ఛారిటీ పెట్టి కార్మికుల ఇళ్లకు బియ్యం, పప్పులు చేర్చాల్సి వచ్చింది. చేసింది మంచి పనే, చేసినవారికి దండం పెట్టాలి. అయితే కొన్ని వారాలు షూటింగ్ ఆగితే పొయ్యి వెలగని స్థితిలో ఇంతమంది ఉన్నారని రుజువు చేసిందీ ఆ పనే.

ఈ వాదనకు మొదటి ఆక్షేపణ గట్టిదే. అక్కినేని నాగేశ్వరరావు పేద రైతు ఇంట పుట్టి ప్రాథమిక పాఠశాల దాటని మనిషి. చిరంజీవి మొగల్తూరు నుంచి వచ్చిన చిరుద్యోగి కొడుకు. వాళ్లు ఎదగలేదా, కష్టమే కదా వాళ్లను నిలబెట్టింది అంటారు. ఎదిగారు, వాళ్ల శ్రమను, ప్రతిభను కాదనేవాడు సినిమా చూడనివాడే. కాని నా ప్రశ్న ఒక మనిషి ఎలా ఎదిగాడన్నది కాదు. ఒక సముదాయం మొత్తం ఎక్కడ తేలిందన్నది. అసాధారణ ప్రతిభ ఉన్నవాడు ఏ గోడనైనా దూకుతాడు, సాధారణ ప్రతిభ ఉన్నవాడు ఎంత దూరం వెళ్లగలడన్నదే సమాజానికి కొలత. పట్టా ఉన్న ఇంట్లో సాధారణ ప్రతిభ గల కొడుక్కి రెండో సినిమా, మూడో సినిమా అవకాశం దొరుకుతుంది. కృష్ణానగర్ గదిలో అంతే ప్రతిభ ఉన్న కుర్రాడికి అద్దె కట్టాల్సిన తారీఖు ముందొస్తుంది.

ప్రతిభ ఒక్కటే చాలదని మొదటి వలస కాలపు తారల జీవితాలే చెబుతున్నాయి. చిత్తూరు నాగయ్య తన కాలంలో దక్షిణాదిలోనే అత్యధిక పారితోషికం తీసుకున్న నటుల్లో ఒకరు, పద్మశ్రీ అందుకున్నవారు. 1973లో పోయేనాటికి చేతిలో ఏమీ మిగల్లేదు. తెర మీద భయపెట్టిన రాజనాల చివరి ఏళ్లు పేదరికంలో గడిచాయి. జానపద చిత్రాల కథానాయకుడు కాంతారావు సొంతంగా సినిమాలు తీసి ఆస్తి పోగొట్టుకున్నారు. సావిత్రి అంతటి నటి నిర్మాణ నష్టాలకు, పన్ను బకాయిలకు ఇల్లు కూడా వదులుకుంది. దానగుణం, అలవాట్లు, మోసగించినవాళ్లు అంటూ ఒక్కొక్కరి పతనానికీ ఒక్కో కథ చెబుతారు. ఆ కథల్లో నిజం ఉండవచ్చు. కాని స్టూడియోలున్నవాళ్లు కూడా తప్పులు చేశారు, వరుస ఫ్లాపులు తీశారు. సొమ్మంతా సినిమా మీదే పెట్టినవాళ్లను ఒక తప్పు ముంచేసింది. సొమ్ములో కొంత హైదరాబాద్ నేల మీద పెట్టినవాళ్లు అలాంటి తప్పులు చేసి కూడా తేరుకున్నారు. ప్రతిభ, పేరు దగ్గరగా ఉన్న మనుషుల మధ్య ఇంత తేడా వచ్చిందంటే గుణగణాల వైపు కన్నా ఆస్తి పత్రాల వైపు చూడటం న్యాయం.

రెండో ఆక్షేపణ ప్రాంతానిది. ఆంధ్రవాళ్లు వచ్చి తెలంగాణ నేల తీసుకున్నారు, తేడా అంతా అదేనన్నది 1969 తెలంగాణ ఉద్యమం నుంచి 2014 రాష్ట్ర విభజన దాకా ఎన్నో రూపాల్లో వినిపించింది. అందులో కాదనలేని నిజం ఉంది. పరిశ్రమలో పెట్టుబడి, ప్రధాన పాత్రలు, తెర మీది భాష చాలాకాలం కోస్తావే. తెలంగాణ జీవితాన్ని దాని గొంతుతోనే చూపించడానికి బి. నర్సింగరావు నిర్మించిన 'మాభూమి' లాంటి చిత్రాల దాకా ఆగాల్సి వచ్చింది. అయితే కృష్ణానగర్ గదుల్లో ఉన్నవారిలో కోస్తా జిల్లాలవాళ్లూ ఎందరో ఉన్నారు. ఆంధ్రవాడు కావడం వాళ్లకు గజం నేల తెచ్చిపెట్టలేదు. ప్రాంతం తలుపు దాకా తీసుకెళ్లి ఉండవచ్చు, లోపలికి రానిచ్చింది పెట్టుబడి, పరిచయం, సంఘ సభ్యత్వం.

ఈ సూత్రం మన గుట్టకే పరిమితం కాదు. అమెరికాలో హంగేరియన్ల స్థితి బాగుందనీ స్పానిష్ మాట్లాడే హిస్పానిక్ సముదాయం వెనకబడిందనీ పోల్చి, తేడాను సంస్కృతికి అంటగట్టేవారు ఉన్నారు. పారమౌంట్‌ను నిర్మించిన అడాల్ఫ్ జూకర్, ఫాక్స్ సంస్థకు పేరిచ్చిన విలియం ఫాక్స్ ఇద్దరూ హంగేరీలో పుట్టినవారే కనుక సినిమావాళ్లకు ఆ పోలిక సులువుగా నచ్చుతుంది. కాని అదే హంగేరీ నుంచి అదే కాలంలో వచ్చినవారిలో చాలామంది పెన్సిల్వేనియా, ఒహాయో గనుల్లో, ఉక్కు కర్మాగారాల్లో కూలీలుగా నలిగారు. సోవియట్ ఆధిపత్యం మీద 1956లో జరిగిన తిరుగుబాటు విఫలమైనప్పుడు సుమారు 2 లక్షల మంది హంగేరీ వదిలారు. అమెరికా 30 వేలకు పైగా శరణార్థులను ప్రత్యేక ఏర్పాట్లతో రప్పించి, న్యూజెర్సీలోని క్యాంప్ కిల్మర్‌లో దింపి, ఉద్యోగాలు వెతికిపెట్టి, 1958లో చట్టం చేసి శాశ్వత నివాసం ఇచ్చింది. వారిలో విద్యార్థులు, ఇంజనీర్లు ఎందరో ఉన్నారు. అవే ఏళ్లలో మెక్సికన్ కూలీలు వచ్చింది బ్రాసెరో పథకం కింద. 1942 నుంచి 1964 దాకా 40 లక్షలకు పైగా ఒప్పందాలు జరిగాయి, పంట కోసి వెనక్కి వెళ్లడమే షరతు. ఒకరిని ఉండిపొమ్మన్నారు, ఇంకొకరిని పని చేసి పొమ్మన్నారు. స్పానిష్ మాట్లాడేవారిలోనే 1959 విప్లవం తర్వాత వచ్చిన క్యూబన్లకు 1966లో ప్రత్యేక చట్టం నివాస హక్కు ఇచ్చింది. వారిలో తొలి విడతవాళ్లు మయామీలో వ్యాపారులుగా త్వరగా స్థిరపడ్డారు. అదే భాష, అదే మతం, వేరే ఫలితం.

ఇందుకు మన తెలుగువాళ్లే ఇంకా పెద్ద సాక్ష్యం. ఉత్తరాంధ్ర, గోదావరి తీరాల నుంచి 19వ శతాబ్దం మొదలుకొని మారిషస్ చెరుకు తోటలకూ మలయా కొబ్బరి, రబ్బరు తోటలకూ వెళ్లినవారు ఒప్పంద కూలీలుగా, కంగాణీలనే మేస్త్రీల కింద పనివాళ్లుగా దిగారు. సొంత నేల లేని తోట లైన్లలో చాలామందికి తరాలు గడిచాయి. 1965 వలస చట్టం తర్వాత అమెరికా వెళ్లిన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు, 1990ల నుంచి హెచ్‌1బీ వీసాల మీద వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఇవాళ ఆ దేశపు సంపన్న వర్గాల్లో ఉన్నారు. తెలుగువాడి సంస్కృతి మలయాలోని పెరాక్‌లో ఒకటి, డాలస్‌లో ఇంకొకటి కాదు. ఏ షరతుల మీద తలుపు తెరుచుకుందో అదే వేరు. అమెరికా తెలుగువారి విజయాన్ని జాతి గుణంగా చెప్పుకునేవారు మలయా తోటల తెలుగువారి గురించి ఏం జవాబు చెబుతారు?

మిగిలిన ఆక్షేపణ ఆర్థికమైనది. కార్మికులకు యూనియన్ ఉంది, మూడేళ్లకోసారి వేతనాలు పెరుగుతున్నాయి, నిర్మాత నష్టం మోస్తుంటే కార్మికుడు కూలి తీసుకుని ఇంటికెళ్తున్నాడు కదా అంటారు. నిర్మాత మోసే నష్టం నిజమే, యూనియన్ సాధించిందీ తక్కువేమీ కాదు. 2025 ఆగస్టులో 30 శాతం పెంపు అడుగుతూ చేసిన సమ్మె రెండు వారాలు దాటి సాగి, తక్కువ కూలివారికి మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం పెంపుతో ముగిసింది. కాని కూలి శాతాల్లో పెరుగుతుండగా జూబ్లీహిల్స్ చుట్టుపక్కల ఇంటి ధర రెట్లలో పెరిగింది. కూలి ఎంత పెరిగినా అది నేలను అందుకోలేదు. అందుకే వేతన ఒప్పందాలు ఎన్ని జరిగినా రెండు వలసల మధ్య దూరం తగ్గలేదు. తొలినాళ్లలో నిర్మాతలు, నటులు తీసుకున్న సాహసానికి గౌరవం దక్కాల్సిందే. రోడ్డు లేని బండల మీదికి మద్రాసు వదిలి రావడం చిన్న విషయం కాదు. అయితే ఆ సాహసానికి ప్రభుత్వం నేల, రాయితీ తోడిచ్చింది. ఊరు వదిలి గుడిసె వేసుకున్నవాడిదీ సాహసమే. అతనికి ఇచ్చింది ఆక్రమణదారుడన్న పేరు.

ఈ చరిత్రను ఎవరినో దోషిగా నిలబెట్టడానికి తవ్వనక్కర్లేదు. మొదటి వలసవారు దొరికిన అవకాశాన్ని చట్టబద్ధంగా వాడుకున్నారు, వాళ్లు కట్టిన స్టూడియోలు తెలుగు సినిమాను నిలబెట్టాయి. తప్పు విధానంలో ఉంది. పరిశ్రమను రప్పించాలనుకున్న ప్రభుత్వం పరిశ్రమంటే యజమానులేనని అనుకుంది, ఇరవై నాలుగు క్రాఫ్టుల కార్మికులను లెక్కలో చివర రాసుకుంది. ఆ తప్పు మళ్లీ చేసే సందర్భాలు ముందున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాలూ ఇప్పుడు సినిమాను ఆకర్షించడానికి పోటీ పడుతున్నాయి, కొత్త స్టూడియోలకు నేల ఇస్తామంటున్నాయి. ఇవ్వనివ్వండి, కాని స్టూడియోకు ఎకరం రాసిచ్చే కాగితం మీదే అందులో పనిచేసేవాళ్ల ఇళ్లకు స్థలం కూడా రాయాలి. ఆ పట్టా నేల చౌకగా ఉన్న మొదటి రోజునే కార్మికుడి పేరున, అతని భార్య పేరున చేరాలి. చిత్రపురి కోసం ఒక తరం ఎదురుచూసింది. ఇంకో తరాన్ని ఎదురుచూడమని చెప్పే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.